ఫ్రాన్స్ చెరువులో మా వాటా

ఫ్రాన్స్ వెళ్లొచ్చాక నన్ను కలిసిన ప్రతి ఒక్కరూ ఈఫిల్ టవర్ ఎక్కావా అని అడిగారు. ఎక్కలేదు. ప్యారిస్‌లో నేను చూసింది విమానాశ్రయం, దాని కింద రైలు స్టేషను, ఆ స్టేషనులో ఒక బెంచీ. ఆ దేశంలో నేను అన్నిటికంటే శ్రద్ధగా చూసింది బురద. ఈ మాట అంటే మా కాలేజీ స్నేహితులు పడీ పడీ నవ్వుతారు. నవ్వనీ. ఎవరూ అడగని ఆ బురద సంగతే ఇక్కడ చెబుతాను.

శామీర్‌పేటలో బయలుదేరడం

మాది శామీర్‌పేట. నాయిన చెరువులో చేపలు పడతాడు, అమ్మ రోడ్డు పక్కన కూర్చుని అమ్ముతుంది. నేను వాళ్లకు ఒక్కదాన్నే. జవహర్‌నగర్ దగ్గరున్న ఇంజినీరింగ్ కాలేజీలో సివిల్ చదువుతుండేదాన్ని. 2012లో ఫ్రాన్స్‌లోని ఒక చిన్న ఊరి కాలేజీతో మా కాలేజీకి ఏదో ఒప్పందం కుదిరి, ఒక సెమిస్టర్ అక్కడ చదివే అవకాశం వచ్చింది. ఆదివారాలు మానుకుని ఫ్రెంచి క్లాసుకు పోయింది మా బ్రాంచిలో నేనొక్కదాన్నే కాబట్టి నాకు దక్కింది. అంతకుమించి నా గొప్పేమీ లేదు.

అమ్మ సంచిలో ఎండుచేపలు పెట్టబోయింది. విమానమంతా వాసనొస్తుందని నేను గొడవ చేశాను.

"జవహర్‌నగర్ చెత్తకుప్ప పక్కపొంటి మూడేండ్లు సదివినవ్. ఇంక నీకు వాసన బాధేందే?" అంది అమ్మ. చివరికి మామిడికాయ తొక్కు దగ్గర ఇద్దరం రాజీపడ్డాం.

నాయిన అరుగు మీద కూర్చుని చిరిగిన వల అల్లుతున్నాడు. నా వైపు చూడకుండానే అసలు మాట చెప్పాడు.

"ఎండకాలం వలలకు ముంగట సంఘమోళ్లు కూసుంటరు. గప్పుడు మన వాటా రమేష్‌కు రాపిచ్చేస్త బిడ్డా. నా మోకాళ్లు ఇగ నడ్వయ్."

మా చేపల సంఘంలో ఇంటికో వాటా. వేసవిలో చెరువు నీళ్లు తగ్గినప్పుడు అందరూ కలిసి పెద్ద వల లాగుతారు, పడిన చేపలు పంచుకుంటారు. వాటా ఉన్న ఇంటినుంచి మగమనిషి వలలో దిగాలి. తండ్రి దిగలేకపోతే కొడుకు, కొడుకు లేకపోతే అన్నదమ్ముల కొడుకు. రమేష్ అన్న మా పెద్దనాయిన కొడుకు. మంచివాడే. కానీ వాళ్లింటి వాటా వాళ్లకు ముందే ఉంది. మాది కూడా పోతే నాయినకు చెరువు దగ్గర పనుండదు. మోకాళ్లు నొప్పి పెడుతున్నా పక్కన ఆసరాకు ఇంటి మనిషి ఉంటే ఆయన ఇంకా కొన్నేళ్లు నీళ్లలో నిలబడగలడు. అలా దిగగల మగమనిషి మా ఇంట్లో ఇంకొకడు లేడు. చెరువు లేని నాయిన పొద్దంతా ఏం చేస్తాడో నాకు ఊహకు కూడా అందలేదు. నేను చేపలు పట్టి బతకబోవడం లేదు, ఆ సంగతి నాకూ తెలుసు. అయినా ఆ చోటు మాది అని నా మొండితనం.

"నేను దిగుత నాయినా" అన్నాను.

నవ్వాడు. నవ్వడా మరి! మా ఇంట్లో ఆడవాళ్లు వలలో దిగడం అటుంచండి, నేలమీద పరిచిన వలను దాటడం కూడా లేదు. వాకిట్లో వల ఆరేస్తే అమ్మా నేనూ చుట్టూ తిరిగి పోవాల్సిందే. చిన్నప్పుడు ఒకసారి గెంతి దాటబోతే మా అవ్వ జుట్టు పట్టుకుని వెనక్కి లాగింది.

"నేనొచ్చేదాంక ఎవ్వలకియ్యకు" అని పట్టుబట్టాను.

"సూద్దాం తీ. ముందుగాల నువ్వు పైలంగ పో" అన్నాడు. ఇస్తాననీ అనలేదు, ఇవ్వననీ అనలేదు.

బుర్గ్‌లో ఆదివారం

నేను చేరిన ఊరి పేరు బుర్గ్-ఆన్-బ్రెస్. లియోన్ నుంచి చిన్న రైల్లో వెళ్లాలి. మేడ్చల్ బస్ డిపో ముందు పది నిమిషాలు నిలబడితే కనిపించేంతమంది మనుషులు ఆ ఊళ్లో రోజంతా తిరిగినా కనబడలేదు. నేను దిగింది ఆదివారం. ఆదివారం అక్కడ ఊరికి ఊరే తలుపులేసుకుంటుందని నాకు ఎవరూ చెప్పలేదు. బ్రెడ్డు దుకాణం మధ్యాహ్నానికే మూశారు. హాస్టల్ గదిలో బిస్కట్లను మామిడికాయ తొక్కులో ముంచుకుని తిన్నాను. అంత బాధలోనూ రుచిగానే ఉన్నాయి.

దుకాణంలోకి వెళ్లగానే ముందు నమస్కారం చెప్పాలి, తర్వాతే కావలసింది అడగాలి. ఇది మర్చిపోయి నేరుగా "పాలు" అన్నందుకు మొదటి వారం కొట్టు నడిపే ముసలాయన నన్ను చూసీ చూడనట్టు తలతిప్పుకున్నాడు. మన దగ్గర కిరాణా కొట్టుకు పోయి "నమస్కారమండీ, ఉప్పు ప్యాకెట్టు" అంటే ఈ పిల్లకేమైందని చూస్తారు. రెండూ మర్యాదలే. ఏ ఊరిది ఆ ఊళ్లోనే చెల్లుతుంది.

సంత మాత్రం ప్రాణానికి హాయిగా ఉండేది. అక్కడి నాటుకోళ్లకు దేశమంతా పేరట. తెల్లటి ఈకలు, ఎర్రటి జుట్టు, నీలం కాళ్లు. కాళ్లకు రంగేశారేమో అనుకుని వంగి చూశాను. ఒక్క కోడి ధరకు మేడ్చల్‌లో నాలుగైదు కోళ్లొస్తాయి. అమ్మే ఆవిడ తన కోడి గుణగణాలు పెళ్లిసంబంధం చెప్పినట్టు చెప్పుకుపోయింది. కొనే స్థోమత నాకు లేదని చివర్లో చెప్పాను. అయినా ఏమీ అనుకోకుండా గుప్పెడు అక్రోట్లు చేతిలో పెట్టింది.

ఆ సంతలోనే చేపల బల్ల మీద బంగారు తీగ కనిపించింది. అదే బంగారు రంగు పొలుసు, మూతి దగ్గర అవే చిన్న మీసాలు. మా అమ్మ గంపలో రోజూ చూసే చేప. "అరే, నువ్వేంది గీడ!" అని పైకే అనేశాను. పక్కనున్న నా క్లాస్‌మేట్ క్లేర్ ఉలిక్కిపడింది.

"దీన్ని కార్ప్ అంటాం. ముసలివాళ్లు తింటారు. అంతా ముళ్లు" అంది క్లేర్. తర్వాత ఏదో గుర్తొచ్చినట్టు నన్ను పైకీ కిందికీ చూసి, "మా అమ్మ వీటినే పెంచుతుంది. వచ్చే వారం మా చెరువులో చేపలు పడుతున్నారు, వస్తావా?" అంది.

వస్తావా అని అడగడమే తప్పు!

దోంబ్ చెరువుల దగ్గర

బుర్గ్‌కు దక్షిణాన దోంబ్ అనే ప్రాంతం ఉంది. అంతా చెరువులే. దేవుడు ఇచ్చినవి కావు, ఎప్పుడో మనుషులు కట్టలు వేసి తవ్వుకున్నవి. పై చెరువు నీళ్లు వదిలితే కింది చెరువు నిండుతుంది, దాని నీళ్లు ఆ కిందిదానికి. మన గొలుసుకట్టు చెరువుల లెక్కే. కొన్నేళ్లు చేపలు పెంచి, ఒక ఏడు చెరువును పూర్తిగా ఎండగట్టి అందులో ఓట్స్ పంటో మొక్కజొన్నో వేస్తారు. శిఖం భూమిలో, అంటే చెరువు అడుగు నేలలో, పంట వేయడానికి మన దగ్గర కరువు రావాలి. వాళ్లు కావాలనే ఎండబెట్టి వేస్తారు. సివిల్ చదువుతున్న నేను నీళ్లు వదిలే తూము దగ్గరే కాసేపు నిలబడిపోయాను.

నవంబరు పొద్దు, మంచు. చెరువు నీళ్లు కొద్దికొద్దిగా వదిలేసి తూము ముందున్న లోతు మడుగులో మాత్రం మిగిల్చారు. చేపలన్నీ అందులో చేరాయి. చుట్టుపక్కల చెరువులవాళ్లు సాయానికి వచ్చారు. కూలి లేదు. ఇవాళ వీళ్లకు వాళ్లొస్తారు, రేపు వాళ్లకు వీళ్లు పోతారు. ఎవరికి వాళ్లు రొట్టో, సాసేజో, జున్నో తెచ్చుకున్నారు.

క్లేర్ వాళ్ల అమ్మ పేరు మార్టీన్. పొట్టి మనిషి, పెద్ద గొంతు. మాటకు ముందు దగ్గు, దగ్గు తర్వాత సిగరెట్టు. చెరువు ఆమెదే, పెత్తనమూ ఆమెదే. నా రెండు బుగ్గల మీదా ముద్దుపెట్టి, ఫ్లాస్కు చేతికిచ్చి అందరికీ కాఫీ పోయమంది.

కట్ట మీద గడ్డిలో పెద్ద వల పరిచి ఉంది. అవతలివైపు మనుషులకు కాఫీ ఇవ్వాలంటే వల దాటాలి. అందరూ పెద్ద పెద్ద బూట్లతో దాని మీదనుంచే అటూ ఇటూ నడుస్తున్నారు. నేను మాత్రం కట్ట చివరిదాకా పోయి, వల కొస చుట్టూ తిరిగి, అవతలికి చేరి కాఫీ పోశాను. కప్పులు తెమ్మంటే మళ్లీ అలాగే తిరిగొచ్చాను. చక్కెర అడిగితే మళ్లీ ప్రదక్షిణ. నేను చేస్తున్నది నాకు తెలియడం లేదు. కాళ్లకు అలవాటు, అంతే.

"ఆ పిల్లకు పిచ్చా? ఎందుకలా తిరుగుతోంది?" అని మార్టీన్ కూతుర్ని అడిగింది.

నాకొచ్చిన ఫ్రెంచిలో కొంత, క్లేర్ సాయంతో కొంత చెప్పాను. మాది చేపలు పట్టే ఇల్లని, మా ఇంట్లో ఆడవాళ్లు వల దాటరని, వలలో దిగరని. ఒక ముసలాయన పకపకా నవ్వాడు. మార్టీన్ నవ్వలేదు. సిగరెట్టు ఆర్పి ఆ ముసలాయన వైపు వేలు చూపించింది.

"వీణ్ణి అడుగు. మా నాన్న పోయిన ఏడాది నేను చెరువులో చేపలు పడతానంటే ఇద్దరే వచ్చారు. ఆడది బురదలో దిగితే చేప పడదన్నారు. అన్నవాళ్లలో వీడొకడు. ఇప్పుడు అందరికంటే ముందొస్తాడు, నా సాసేజ్ కోసం."

ముసలాయన టోపీ సర్దుకుని కాఫీలోకి చూశాడు. ఈ దేశంలో ఇలాంటివేమీ ఉండవని నేను ఎందుకో అనుకున్నాను. అంత దూరం విమానమెక్కి పోయి, మా ఇంటి మాటే విన్నాను.

మార్టీన్ వ్యాను దగ్గరికి వెళ్లి చంకలదాకా వచ్చే రబ్బరు ప్యాంటు ఒకటి తెచ్చి నా భుజాన వేసింది. ఎడమ తాడుకు ఒక మనిషి తక్కువున్నాడట.

నాకు చెమటలు పట్టాయి. ఆడవాళ్లు దిగితే చెరువు దేవతకు కోపమొస్తుందని కాదు. నేను అంత భక్తురాలిని కాను. నాయినకు తెలియకుండా ఇక్కడ దిగితే దొంగతనం చేసినట్టుంటుందని భయం. మా నాన్నను అడగాలి అన్నాను. ఇరవై ఏళ్ల దాన్ని, ఆ మాటకు వాళ్లు నవ్వుతారనుకున్నాను. మార్టీన్ మారుమాట లేకుండా తన ఫోను తీసిచ్చింది.

ఫోనులో నాయిన

అక్కడ పొద్దుటిపూట, శామీర్‌పేటలో మధ్యాహ్నం. నాయిన అన్నం తిని నడుం వాల్చే వేళ.

"హలో, ఎవలు?"

"నేనే నాయినా."

"ఏమైంది బిడ్డా? మంచిగనే ఉన్నవా? తిన్నవా?"

"మంచిగనే ఉన్న. గీడ చెర్వుల వల గుంజుతున్రు. ఒక మనిషి తక్వ వడ్డడట, నన్ను దిగుమంటున్రు. దిగాల్నా నాయినా?"

అవతల రోడ్డు మీద పోతున్న లారీ హారను వినబడింది.

"ఏం చేపలు?" అన్నాడు చివరికి.

"బంగారు తీగలు."

"అబ్బో! గాడ గూడ ఉన్నయా? నీళ్లెంతున్నయ్?"

"నడుముల దాంక."

"బురద?"

"మస్తుంది."

"నల్లదా, ఎర్రదా?"

"నల్లది."

"నల్లదైతే కాలు గుంజుకుంటది. మడిమె పెట్టకు. వేళ్లు ముంగట పెట్టాలె, తీసేటప్పుడు కాలు జర పక్కకు దిప్పాలె. ఒక్క కాడ నిలవడకు, దిగవడ్తవ్. పై తాడు సంగతి వాళ్లు సూస్కుంటరు, నువ్వు కింది తాడు సూడు. గది లేసిందా, చేపంత కిందికెల్లి పోతది. కాలుతోని తొక్కి పట్టాలె. ఇంటున్నవా?"

"ఇంటున్న."

"నీళ్లు సల్లగుంటయ్ గావచ్చు. కాళ్లకు నూనె రాస్కున్నవా?"

"రబ్బరు ప్యాంటు ఇచ్చిన్రు."

"గట్లనా, మంచిదే. తాడు చేతికి సుట్టుకోకు, గుంజితే పడ్తవ్."

"మరి దిగాల్నా నాయినా?"

"ఇగ గింతసేపు నీకు ఏం జెప్తున్ననే? జల్దీ పో. పాపం వాళ్లు నిలవడ్డరు."

ఫోను మార్టీన్‌కు ఇచ్చేటప్పుడు నా కళ్లనిండా నీళ్లున్నాయి. ఆయన ఏమన్నాడో ఏమోనని ఆమె కంగారుపడింది. దిగమన్నాడని చెప్పాను. నాయిన నాకు ఈత నేర్పాడు, సైకిల్ నేర్పాడు. ఈ విద్య మాత్రం పక్కన కూర్చోబెట్టుకుని ఒక్కనాడూ చెప్పలేదు. చెప్పాలని ఆయనకూ ఉండేదని నాకు ఆ పూట తెలిసింది.

బురదలో

నాయిన చెప్పినట్టే మొదట వేళ్లు పెట్టాను. రెండో అడుగుకే మడిమె పెట్టాను. కాలు మోకాలిదాకా దిగిపోయింది, నేను నీళ్లలో కూలబడ్డాను. రబ్బరు ప్యాంటులోకి మంచులాంటి నీళ్లు బుడబుడమని దూరాయి. గట్టు మీద అందరూ గొల్లున నవ్వారు. ఆ టోపీ ముసలాయనే వచ్చి చెయ్యందించాడు. నేను తాడు మాత్రం వదల్లేదు.

ఆ తర్వాత కుదిరింది. రెండువైపుల నుంచీ వల దగ్గరికి లాగుతుంటే మధ్యలో నీళ్లు ఉడికినట్టయ్యాయి. చేపలు ఎగిరి ముఖాన కొడుతున్నాయి. నా పక్కన ఏదో మొద్దు అడ్డమొచ్చి కింది తాడు పైకి లేచింది. వెంటనే కాలితో తొక్కిపట్టి అట్లాగే నిలబడ్డాను. అది ఎవరూ చూడలేదనుకుంటాను, అందరూ వాళ్ల వాళ్ల పనిలో ఉన్నారు. నాకు మాత్రం ఆ రోజంతటిలో అదే గుర్తు.

బల్ల మీద చేపలను ఏరారు. బంగారు తీగలు ఒకవైపు, మిగతా చేపలను తినే పొడుగు మూతి చేపలు ఒకవైపు, చేపపిల్లలు పక్క చెరువుకు. పెద్దవన్నీ ప్రాణాలతోనే నీళ్ల ట్యాంకుల లారీలెక్కాయి. మా దగ్గర చేప చెరువు నుంచి నేరుగా రోడ్డు పక్క బాండీలోకి పోతుందని చెబితే, ఆ బాండీ చూడాలని మార్టీన్ చాలా ముచ్చటపడింది. అందరూ వేడి ద్రాక్షసారా తాగారు. నాకు ఉల్లిగడ్డల సూప్ ఇచ్చారు. వణుకు తగ్గడానికి మూడు గిన్నెలు తాగాను.

సాయం చేసినవాళ్లందరికీ ఇచ్చినట్టే నాకూ ఒక చేప ఇచ్చింది మార్టీన్. బుర్గ్‌లో అరబ్బుల దుకాణంలో చింతపండు దొరికింది. హాస్టల్ వంటింట్లో పులుసు పెట్టాను. క్లేర్ తిని, ఏడ్చి, నీళ్లు తాగి, మళ్లీ వడ్డించుకుంది.

బురదలో నేను తాడు పట్టుకున్న ఫోటో క్లేర్ తీసింది. నాయిన ఫోనులో ఫోటోలు రావు. రమేష్ అన్నకు మెయిలు పెట్టి నాయినకు చూపించమన్నాను. వాటా అందుకోవలసిన మనిషికే అది పంపడం నాకే ఇబ్బందిగా అనిపించింది. జవాబు మర్నాడే వచ్చింది: "సూపెట్టిన. సిన్నాయిన మస్తు సేపు సూసిండు."

మళ్లీ శామీర్‌పేట

జనవరిలో తిరిగొచ్చాను. వాటా సంగతి నేను అడగలేదు, నాయిన ఎత్తలేదు. ఎండలు ముదిరాక సంఘంవాళ్లు తమ గదిలో కూర్చున్నారు. లోపలికి ఆడవాళ్లు పోరు కాబట్టి అమ్మా నేనూ కిటికీ బయట నిలబడ్డాం.

"మల్లయ్యా, నీ వాటా రమేష్ పేర రాద్దామా?" అని పెద్దమనిషి అడిగాడు. మల్లయ్య అంటే మా నాయినే.

"రాయొద్దు. నా బిడ్డ దిగుతది."

ఒక్కసారిగా గోల లేచింది. వల మైలపడుతుందన్నారు. లగ్గమై పోయే పిల్లకు వాటా ఏందన్నారు. "ఫ్రాన్స్ల దిగిందట, దిగనీ. గిది శామీర్‌పేట" అని ఎవరో అంటే చాలామంది నవ్వారు. నాకు ముఖం మండిపోయింది.

రమేష్ అన్న లేచాడు. "నా కోసమైతే కొట్లాడకుండ్రి. నాకు ఒకటున్నది, సాలు" అన్నాడు.

చాలాసేపు వాదించుకున్నాక పెద్దమనిషి మధ్యేమార్గం చెప్పాడు. "వాటా నీ పేర్నే ఉంటది మల్లయ్యా. పిల్ల పేర రాసేది లేదు. నీ పక్కన ఎవల్ని నిలవెట్టుకుంటవో నీ ఇష్టం. గదీ ఈ ఒక్క ఏడే."

నాయిన సరేనన్నాడు. నాకు కోపం వచ్చింది, సంతోషమూ వచ్చింది. నాయిన నీళ్లలోకి పోతున్నాడు కదా అని కోపాన్ని పక్కన పెట్టాను.

వల లాగే రోజు ఇద్దరం దిగాం. శామీర్‌పేట బురద మెత్తన, నీళ్లు గోరువెచ్చన. నాయిన ఒక చెయ్యి తాడు మీద, ఒక చెయ్యి నా భుజం మీద వేశాడు. మోకాలు పట్టేసినప్పుడల్లా నా భుజం మీద బరువు పెరిగేది. మాతో పాటు తాడు పట్టడానికి కొందరు ఇష్టపడక అవతలివైపు పోయారు. రమేష్ అన్న వచ్చి మా వెనక నిలబడ్డాడు. చేపలు ఏటా పడ్డట్టే పడ్డాయి. ఎక్కువా లేదు, తక్కువా లేదు. మైల మాట ఎత్తినవాళ్లు కుప్పల వైపు చూసి గంపలు సర్దుకున్నారు.

కట్ట మీద కుప్పలు పోసి ఇంటింటి పేరూ పిలవడం మొదలుపెట్టారు. పిలిచిన మనిషి వచ్చి గంప నింపుకుని పోతున్నాడు. నాయిన రాయి మీద కూర్చుని కాళ్ల బురద కడుక్కుంటున్నాడు.

"మల్లయ్య వాటా!"

నాయిన తల ఎత్తలేదు. ఎప్పటిలాగే లేచి వెళ్తాడని నేను చూస్తున్నాను.

"మల్లయ్యా! ఎవలు దీస్కుంటరయ్యా?"

నాయిన ఇంకా కాళ్లు కడుక్కుంటూనే ఉన్నాడు. అందరూ మా వైపే చూస్తున్నారు. అప్పుడు నా వైపు తిరిగి, కట్ట మీదున్న అందరికీ వినబడేంత గట్టిగా అన్నాడు.

"నిన్నే పిలుస్తున్రు బిడ్డా. ఇనవడ్తలేదా?"

నేను గంప తీసుకుని వెళ్లాను.